ఏ ఎద్దు రొప్పుతోందో ముందు చూడు

చిన్నోడా, బుజ్జమ్మా,

పండక్కి వచ్చి వెళ్లాక ఫోన్లో అడిగావు కదరా, "తాతయ్యా, మూడేళ్ల కిందట రెడీమేడ్‌గా కొన్న గేమింగ్ కంప్యూటర్‌లో కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయి, సంక్రాంతి డబ్బులతో గ్రాఫిక్స్ కార్డు మార్చేస్తే చాలా?" అని. అది ఫోన్లో తేలే మాట కాదు. అందుకే ఈ ఉత్తరం.

కంప్యూటర్‌ను ఎడ్లబండి అనుకో. ప్రాసెసర్ ఎలపటి ఎద్దు, గ్రాఫిక్స్ కార్డు దాపటి ఎద్దు. ఆటలో ఎవడు ఎటు పరిగెత్తాలో, దెబ్బ ఎక్కడ తగలాలో లెక్కకట్టేది మొదటిది. ఆ లెక్కను బొమ్మగా గీసి తెర మీద పరిచేది రెండోది. రెండూ ఒకే కాడి మోస్తున్నాయి కాబట్టి బండి నీరసపు ఎద్దు నడకే నడుస్తుంది.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న సంతలో ఒంగోలు కోడెను కొన్నాడు. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. దాన్ని మా ముసలి ఎద్దు పక్కన కట్టాడు. కోడె ఉరుకుతుంది, ముసలిది అందుకోలేదు. కాడి ఏటవాలైపోయి బండి పక్కకు లాగేసేది. వారం తిరక్కుండా ముసలిదాని మెడ మీద పుండు లేచింది. రాత్రి నాన్న దానికి పసుపూ ఆముదమూ రాస్తుంటే లాంతరు పట్టుకున్నది నేనే. చెయ్యి తగిలినప్పుడల్లా దాని చర్మం అలలా వణికేది. నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు.

అందుకే కొనే ముందు చూడమంటాను. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరువు, ఏ భాగం ఎంత పని చేస్తోందో అది శాతాల్లో చూపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు 95 శాతం దాటి రొప్పుతుంటే నువ్వన్నది నిజమే. అది 60 దగ్గర తీరిగ్గా ఉండి ఆట తడబడుతుంటే మాత్రం ప్రాసెసర్‌నో, నడుస్తున్న ఆట సమాచారాన్ని చేతికందేలా ఉంచే మెమరీ, అదే ర్యామ్‌నో చూడాలి. రిటైరయ్యాక మన వీధి కుర్రాళ్ల పెట్టెలు చాలానే విప్పాను. 8 జీబీ ర్యామ్ ఒక్కటే స్టిక్కుగా పెట్టినవి ఎన్నో. అలాంటిదే ఇంకొకటి జత చేస్తే జాగా పెరుగుతుంది, మెమరీకి రెండు దారులూ తెరుచుకుంటాయి. డీడీఆర్4 రకం ర్యామ్ పట్టే మదర్‌బోర్డుకు (భాగాలన్నీ కూర్చునే పలక) తర్వాతి తరం డీడీఆర్5 మాత్రం తేకు, గాడి చోటు వేరు, కూర్చోదు.

కందెన ఎండితే ఇరుసు వేడెక్కి కీచుమంటుంది. ప్రాసెసర్ మీది పేస్టూ అంతే, ఎండిపోతే వేడి బయటికి పోదు, ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. ఉన్న ఎద్దును బాగా చూసుకున్నాకే కొత్తదానికి డబ్బు తియ్యాలి నాయనా.

ఇక మేత. కోడెకు ఉలవ గుగ్గిళ్లు రెట్టింపు కావాలి. ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు 170 వాట్ల కరెంటు తింటుంది. బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటు పెట్టేది 75 వాట్లే, మిగతాది పవర్ సప్లై నుంచి వేరే తీగ వెంట రావాలి. ఆ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలని దాని చిప్పు కంపెనీ ఎన్‌విడియానే చెబుతుంది. ఒకసారి ఒక పెట్టెకు సప్లై మారుద్దామని కూర్చున్నాను. బోర్డు ప్లగ్గు ఆ కంపెనీ సొంత కొలతది, బజార్లో దొరికేది ఏదీ పట్టలేదు. ఆ పిల్లాడి మొహం చూడలేకపోయాను. అన్నీ అలా ఉండవులే. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్‌లో, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూట్లో, 2017 నాటి మొదటి రైజెన్ ప్రాసెసర్ కూర్చుంది, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ కూడా కూర్చుంది. బయాస్‌ను, అంటే బోర్డును నిద్రలేపే ప్రోగ్రామ్‌ను, అప్‌డేట్ చేసుకుని పాత బోర్డులోనే దాన్ని వాడుకున్నవాళ్లు చాలామంది.

ఒక్కటి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మీ తెర మీద 20,73,600 చుక్కలున్నాయి. సెకనుకు 60 బొమ్మలంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు వేయాలి. నువ్వు కన్నార్పేలోపు అది పది ఇరవై బొమ్మలు గీసేస్తుంది. పాపం, దాని మీద విసుక్కోకు.

ఈ ఆదివారం ప్లగ్గు పీకేసి పక్క రేకు విప్పు. ముందు పెట్టె ఇనుమును ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. ఫ్యాన్ల మీద మూడేళ్ల దుమ్ము ఉంటుంది, రెక్క తిరగకుండా నువ్వు వేలితో పట్టుకో, బుజ్జమ్మ మెత్తటి బ్రష్షుతో తుడుస్తుంది. సప్లై మీది స్టిక్కర్లో వాట్లెన్ని, ర్యామ్ స్లాట్లు ఎన్ని ఖాళీ, కార్డు చివర నుంచి ముందు ఫ్యాను దాకా స్కేలు పెడితే ఎంత జాగా, అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. వచ్చే నెల నేనొచ్చాక ఆ కాగితం జేబులో పెట్టుకుని ముగ్గురం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్దాం.

మీ
తాతయ్య