గ్లూకోజు నీళ్లు, ఆగిపోతున్న పరుగు

బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ చేయించుకుని ఏడాది దాటిన ఒక పాఠకుడు ఇలా రాశారు: "పరుగెత్తవచ్చని డాక్టరు చెప్పారు. తెల్లవారుజామున గ్లూకోజు నీళ్లు తాగి, గంట ఆగి బయలుదేరుతున్నాను. సగం దారిలో చెమటలు, వణుకు. వారం తిరగకుండా మానేస్తున్నాను. నాకు పట్టుదల లేదంటారా?"

పట్టుదల మాట తర్వాత. ముందు ఆ గ్లూకోజు సంగతి చూడాలి.

మామూలు జీర్ణకోశం తిన్నదాన్ని నిల్వ ఉంచుకుని, కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. స్లీవ్‌లో దాదాపు 75 నుంచి 80 శాతం కోశాన్ని కోసి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. సాగే పైభాగం లేనందున లోపల ఒత్తిడి పెరిగి, తాగిన తీపి నీళ్లు త్వరత్వరగా పేగులోకి దూకుతాయి. కోశంలో చాలా భాగాన్ని తప్పించి ఆహారాన్ని నేరుగా పేగుకు పంపే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్‌లో ఇది ఇంకా ఎక్కువ. పేగు గోడలో ఉండే ఎల్-కణాలు ఇన్సులిన్‌ను పెంచే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను కుమ్మరిస్తాయి, క్లోమం అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో చక్కెర పడిపోతుంది. దీన్నే లేట్ డంపింగ్ అంటారు.

సరిగ్గా ఆ వేళకే మన పాఠకుడు పరుగులో ఉన్నారు! సంకోచించే కండరాలు ఇన్సులిన్‌తో పని లేకుండానే చక్కెరను కణంలోకి చేరవేసే గ్లూట్-4 వాహకాలను కణం పైపొరకు పంపి చక్కెరను లాక్కుంటాయి. మామూలుగా అయితే వ్యాయామం మొదలవగానే ఇన్సులిన్ తగ్గుతుంది, కాలేయం లోటు భర్తీ చేస్తుంది. ఇక్కడ ఇన్సులిన్ ఎక్కువగా ఉండి కాలేయాన్నీ తొక్కిపెడుతుంది. ఖర్చు రెండు వైపులా, రాబడి మాత్రం బంద్.

ఇక అలవాటు ఎలా పడుతుంది? ఆశించిన దానికంటే ఫలితం చేదుగా ఉంటే మెదడులో, మళ్లీ చెయ్యమని ప్రేరేపించే డోపమిన్ సంకేతం తగ్గుతుంది. రోజూ కళ్లు తిరిగే పనిని మెదడు వదిలించుకోవాలనే చూస్తుంది. గ్లూకోజు మాని, డాక్టరును, డైటీషియన్‌ను అడిగి ప్రొటీన్ ఉన్న చిరుతిండికి మారండి. నీళ్లు గుక్కలు గుక్కలుగా కాక రోజంతా చప్పరిస్తూ తాగాలి. మధుమేహం మందులు వాడేవారు మోతాదు గురించీ అడగాలి.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట వ్యక్తిత్వ వికాస తరగతుల్లో శాసనంలా చెలామణీ అవుతోంది. దాని మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన పరిశీలన: మారిన ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం అన్ని రోజులు పడుతోందని. మనకు దీక్షల మండలం లెక్క ఉండనే ఉంది. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే అలవాటు పడటానికి మధ్యస్థ విలువ 66 రోజులు తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. దీక్ష భంగమైందని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టనక్కర్లేదు.

చక్కెర కుదుటపడ్డాక కూడా ఆయాసం తగ్గకపోతే బూట్లు మార్చకండి, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. ఆమ్లం తగ్గిన జీర్ణకోశం వల్ల ఇనుము సరిగా ఒంటబట్టదు.