వాము కషాయంతో ఇన్ఫెక్షన్ పోతుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మా మైక్రోబయాలజీ ల్యాబ్‌కి ఒకావిడ యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) కోసం వచ్చారు. మూత్రంలో మంటకి పది రోజులుగా వాము కషాయమే తాగారట. వచ్చేనాటికి చలిజ్వరం, నడుం పక్కన పోటు. "వాము క్రిముల్ని చంపుతుందని ల్యాబుల్లోనే తేల్చారు కదమ్మా. యాంటీబయాటిక్స్ వేడి చేస్తాయని ఆగాను" అన్నారు. పాపం, ఆవిడ భయం అర్థమైంది. సగం నిజాన్ని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీదే ఒళ్లు మండింది.

అపోహ: ల్యాబ్‌లో క్రిముల్ని చంపిన గింజ ఒంట్లోనూ చంపుతుంది.

వాస్తవం: ల్యాబ్ ప్లేటులో చంపే మాట నిజమే. ఎమ్మెస్సీలో నేనే చేశాను. వాము దంచి, మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆ సారాన్ని 6 మిల్లీమీటర్ల కాగితపు డిస్కుకి పట్టించి ఆరబెట్టాను. ఈ.కోలై అనే బ్యాక్టీరియా పూసిన అగార్ (క్రిములు పెరిగే జెల్లీ) మీద పెట్టి, మర్నాడు మూత తీస్తే గుప్పున వాము వాసన, డిస్కు చుట్టూ క్రిములు పెరగని చోట తేటగా వలయం! ఎంత సంబరపడ్డానో. మా మేడమ్ ఒక్కటే అడిగారు: "ఎంత మోతాదుకి?" అక్కడే ఉంది అసలు సంగతి. ఇలాంటి ముడి సారాలు మామూలుగా మిల్లీలీటరుకి మిల్లీగ్రాముల లెక్కలో ఉంటేగానీ పనిచేయవు. క్రిమి లొంగే యాంటీబయాటిక్‌కి మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యోవంతు) చాలు. పైగా వాములో క్రిముల్ని చంపేది ముఖ్యంగా థైమాల్. అది నీళ్లలో సరిగా కరగదు. కషాయం మరుగుతుంటే ఇల్లంతా వచ్చే వాసన ఉందే, ఆవిరితో పోతున్న థైమాలే అది. కడుపులోకి వెళ్లిన కాస్తా మూత్రంలోకి చేరేసరికి చాలావరకు రూపం మారిపోతుంది.

ఆవిడ కల్చర్‌లో పెరిగిన ఈ.కోలై మామూలు మందులకే లొంగేది. మొదట్లోనే వస్తే మాత్రలతో పోయేదేమో, ఆస్పత్రిలో చేరి ఇంజెక్షన్లు చేయించుకోవాల్సి వచ్చింది.

అపోహ: వలయం ఎంత పెద్దదైతే మందు అంత గట్టిది. కాదు. పదార్థం అగార్‌లో ఎంత పాకిందన్నదీ అందులో కలిసి ఉంటుంది.

అపోహ: గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం సహజ యాంటీబయాటిక్. 1999లో జర్మనీ పరిశోధకులు 6 రకాల సారాలు పరీక్షిస్తే 5 క్రిముల్ని అడ్డుకున్నాయి. ఆ ఐదింట్లోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే, క్రిముల్ని చంపే రసాయనం) దొరికింది. ప్రిజర్వేటివ్‌లేవీ లేని ఆరోది ఏ క్రిమినీ ఆపలేదు.

అపోహ: గింజలదే కాబట్టి హాని చేయదు. వేపగింజల నూనె తాగించాక పసిపిల్లలకి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పిల్లల నోట్లో చుక్క కూడా వేయొద్దు, దయచేసి.

అజీర్తికి వాము నేనూ నములుతాను. మూత్రంలో మంట ఉండి జ్వరం కూడా వస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదీ మింగకుండా ముందు శాంపిల్ ఇవ్వండి. ఒక్క డోసు పడినా కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు.