కూడలి నుంచి గూగుల్ దాకా: తెలుగు బ్లాగులు వెతికితే ఎందుకు దొరకవు

హైదరాబాదులో ఏటా జరిగే వస్తుప్రదర్శన నుమాయిష్ మీద పదిహేనేళ్ల కిందట రాసిన మంచి బ్లాగు టపా ఒకటుందనుకుందాం. నాంపల్లి మైదానంలో ఏ గేటు దగ్గర రద్దీ తక్కువో, ఏ వరసలో ఏ రాష్ట్రం దుకాణాలు పెడతారో, తిండి ఎక్కడ బాగుంటుందో అన్నీ ఉన్నాయి అందులో. శీర్షిక మాత్రం ‘జనవరి చలిలో ఒక సాయంత్రం’. చిరునామా చివర ‘బ్లాగ్-పోస్ట్_17’. ఈ జనవరిలో నుమాయిష్ గురించి గూగుల్‌లో వెతికేవాళ్లకు ఆ టపా కనబడే అవకాశం దాదాపు లేదు. గూగుల్‌కు తెలుగంటే చిన్నచూపని రాసినవాళ్లు నిట్టూరుస్తారు. అమీర్‌పేటలో ఎస్ఈఓ (వెతుకు ఫలితాల్లో పేజీని పైకి తెచ్చే పని) కోర్సు చేసొచ్చినవాళ్లను అడిగితే బ్యాక్‌లింకులు (ఇతర సైట్ల నుంచి వచ్చే లంకెలు) లేవంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే అసలు చిక్కు ఇంకా వెనకనుంది. తెలుగు బ్లాగులు పుట్టి పెరిగిన తొలి ఏడెనిమిదేళ్లు వాటికి గూగుల్‌తో పెద్దగా పనే పడలేదు. పాఠకులు వేరే గుమ్మంలోంచి వచ్చేవారు. ఆ గుమ్మం మూసుకుపోయింది, అప్పటి అలవాట్లు మాత్రం ఉండిపోయాయి.

ముందు ఫాంట్ల సంగతి. ప్రతి భాష అక్షరాలకూ విడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్నాయి. ఆ ఫాంట్లలో తెలుగుది బొమ్మ మాత్రమే, కింద దాగి ఉన్నది రోమన్ అక్షరాల సంకేతాలు. తెర మీద మనకు ‘అమ్మ’ కనిపిస్తున్నచోట గూగుల్‌కు కనిపించేది అర్థంలేని అక్షరాల కుప్ప. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ పేజీలను పాఠకుడి బ్రౌజరులోనే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. చదివేవాడి కష్టం దాంతో తీరింది. సర్వర్లో ఉన్న పేజీ మారలేదు కాబట్టి వెతికేవాడి కష్టం అలాగే ఉండిపోయింది.

ఇది పాత కథ అనుకోనక్కర్లేదు. నగరంలో డీటీపీ చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చుతున్నారు. ఆ ఫైలు తెచ్చి బ్లాగులో అతికిస్తే పాత జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలికే. పేజీలోంచి రెండు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే వస్తే సరే. రోమన్ అక్షరాలూ గుర్తులూ వస్తే మార్పిడి చేయాల్సిందే. మార్పిడి ఉపకరణాలున్నాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. అందుకే తప్పులు ఎక్కువగా ఒత్తుల దగ్గర దొర్లుతాయి, అందులోనూ రావత్తు దగ్గర. ఇక కవితను బొమ్మగా చేసి పెట్టే అలవాటు ఉండనే ఉంది. బొమ్మ కింద ఆ పాఠాన్ని అక్షరాల్లో కూడా పెట్టకపోతే అది వెతుక్కునేవాళ్లకు లేనట్టే.

విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అంతకు ముందే తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లుండేవి. ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడాలంటే సంక్లిష్ట లిపుల ఫైళ్లు విడిగా ఎక్కించాలి, దానికి సీడీ అడిగేది. ‘మీ కంప్యూటర్లో తెలుగు కనబడకపోతే ఇక్కడ చూడండి’ అన్న లంకె లేని బ్లాగు ఆ రోజుల్లో అరుదు.

2006లో వీవెన్ ‘లేఖిని’, ‘కూడలి’ తెచ్చాక బ్లాగులు ఊపందుకున్నాయి. రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చి ఇచ్చేది లేఖిని. బ్లాగులన్నిటి కొత్త టపాలను ఒకచోట చూపేది కూడలి. తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులొచ్చాయి. హైదరాబాదులో యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో బ్లాగరులు కలుసుకునేవారు. పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు వాళ్ల స్టాలు ముందు నిలబడితే కంప్యూటర్లో తెలుగు రాయడం నేర్పి పంపేవారు. తెలుగు వెబ్‌కు ఆ కొన్నేళ్లలో జరిగిన మేలు చిన్నది కాదు.

కానీ సంకలిని పనిచేసే తీరు రాతనూ మలిచింది. అది బ్లాగు ఫీడు (కొత్త టపాలను బయటికి అందించే జాబితా) లోంచి శీర్షికనూ తొలి రెండు వాక్యాలనూ తీసుకుని కొత్తదాన్ని పైన పెడుతుంది. కొన్ని గంటల్లో ఆ టపా కిందికి జారిపోతుంది. అంతలోపు నొక్కించాలంటే శీర్షిక ఊరించాలి. ‘అయ్యబాబోయ్!’, ‘అదన్నమాట సంగతి’, ‘మళ్లీ అదే గొడవ’ ఇలా ఉండేవి. రాసేవాళ్లూ చదివేవాళ్లూ దాదాపు ఒకరే కాబట్టి ఏ గొడవో అందరికీ తెలుసు. మూడేళ్ల తర్వాత కరీంనగర్ నుంచి ఎవరో గూగుల్‌లో వెతుక్కుంటూ వస్తారన్న ఊహ ఆ శీర్షికల్లో ఎక్కడా లేదు.

చిరునామాల విషయంలో తప్పు రాసినవాళ్లది కాదు. గూగుల్ వారి బ్లాగు సేవ బ్లాగర్‌లో శీర్షికలోని రోమన్ అక్షరాల నుంచే టపా చిరునామా తయారవుతుంది. శీర్షిక మొత్తం తెలుగైతే వాడుకోవడానికి ఒక్క అక్షరం కూడా మిగలదు, అప్పుడు ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టేసి పక్కన అంకె తగిలిస్తుంది. ఆరువందల టపాలున్న బ్లాగులో ఐదువందలకు పైగా ఇవే చిరునామాలు కనిపించడం మామూలే. తెలిసినవాళ్లు ఒక చిట్కా వాడేవారు: ముందు రోమన్ అక్షరాల్లో శీర్షిక పెట్టి ప్రచురించి, ఆ తర్వాత శీర్షికను తెలుగులోకి మార్చేవారు. చిరునామా మాత్రం మొదటిదే నిలిచిపోయేది. ఇప్పుడు ఆ అవస్థ అక్కర్లేదు. ప్రచురించే ముందే పోస్టు సెట్టింగుల్లో పర్మాలింక్ (టపా చిరునామా) దగ్గర కస్టమ్ ఎంచుకుని, మూడు నాలుగు రోమన్ మాటలు హైఫన్లతో కలిపి రాస్తే చాలు.

వర్డ్‌ప్రెస్‌లో కథ ఇంకో రకం. అది తెలుగు శీర్షికనే చిరునామాగా పెడుతుంది. కానీ ఒక్కో తెలుగు సంకేతం చిరునామాలో శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడి సంకేతాలే. వర్డ్‌ప్రెస్ ఇచ్చే జాగా 200 అక్షరాలు, అంటే మహా అయితే 22 తెలుగు సంకేతాలు. ‘సికింద్రాబాద్ రైల్వే స్టేషన్’ అన్న మూడు మాటలకే అది సరిపోదు, మూడో మాట ‘స్ట’ దగ్గర తెగిపోతుంది. ఆ చిరునామాను వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల బారు చూసి అవతలివాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. నిజానికి గూగుల్ ర్యాంకు మీద చిరునామాలోని మాటల ప్రభావం చాలా తక్కువ. లంకెను మనుషులు నమ్మడానికే అది ఎక్కువ ముఖ్యం.

శీర్షిక సంగతి అలా కాదు. దాని బరువు ఎక్కువ. వెతుకు ఫలితాల్లో శీర్షికకు దొరికే వెడల్పు పరిమితం, మన అక్షరాలు వెడల్పైనవి, కాబట్టి అసలు మాట ముందే రావాలి. ‘నుమాయిష్‌కు మెట్రోలో: గాంధీభవన్ స్టేషన్, గేట్లు, వేళలు’ అంటే సరిపోతుంది. చమత్కారం కావాలంటే టపా మొదటి వాక్యంలో పెట్టుకోవచ్చు. ఏటా జనవరి మొదట్లో మొదలయ్యే ప్రదర్శన కాబట్టి చిరునామాలో సంవత్సరం పెట్టకూడదు. ఏడాదికో టపా రాస్తే పాతవీ కొత్తవీ ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఒకే పేజీని డిసెంబరు మూడో వారంలో సరిదిద్దుతూ పోవడం మేలు.

మాటల రాతలోనూ చిక్కులున్నాయి. నుమాయిష్, నుమాయిశ్, నుమాయీష్, ఎగ్జిబిషన్ అని రకరకాలుగా వెతుకుతారు. చాలామంది రోమన్ అక్షరాల్లోనే తెలుగు కొడతారు. దానికి తోడు తెలుగులో మాట చివర విభక్తి అతుక్కుంటుంది: హైదరాబాద్, హైదరాబాదులో, హైదరాబాదులోని. వీటన్నిటినీ ఒకే మాటగా పోల్చుకోవడంలో వెతుకు యంత్రాలు ఇంగ్లిష్‌లో ఉన్నంత నేర్పుగా తెలుగులో లేవు. విభక్తి లేని రూపం శీర్షికలో ఒకసారి, ఒక ఉపశీర్షికలో ఒకసారి వస్తే మంచిది. ప్రత్యామ్నాయ రూపాలను టపాలో సహజంగా కుదిరినచోట వాడాలి, పేజీ అడుగున జాబితాలా పోయకూడదు. ఇంకో తప్పు కంటికి కనబడదు: అక్షరం పక్కన పెట్టే సున్న (ం) బదులు తెలుగు అంకె సున్నాను (౦) కొట్టడం. ‘పండుగ’, ‘ప౦డుగ’ చూపుకు ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం రెండు వేర్వేరు మాటలు. పాత టపాల్లో ఇది ఎక్కువ. ఆ అంకెను కాపీ చేసి బ్లాగంతా వెతికి మార్చుకోవాలి.

ఈ లోపు అమీర్‌పేటలో ఎస్ఈఓ ఒక కోర్సయింది. మైత్రివనం చుట్టూ గోడల మీద జావా పక్కనే దాని పేరూ చేరింది. అక్కడ నేర్పినదాంట్లో పనికొచ్చేది ఉంది, కాలం చెల్లిందీ ఉంది. పేజీ కోడులో ముఖ్యమైన మాటలు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. వ్యాఖ్యల్లో పెట్టే లంకెలకు విలువ ఇవ్వకుండా 2005లోనే ‘నోఫాలో’ అనే గుర్తు వచ్చింది. అయినా ‘మీ టపా బాగుంది, నాదీ చూడండి’ అన్న ధోరణి ఆగలేదు. దానివల్ల మనుషులు వస్తే రావచ్చు, ర్యాంకు రాదు. కొన్న లంకెల మీద 2012 ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు దెబ్బ పడింది. ఎస్ఈఓ చేసిపెట్టేవాళ్లు ప్యాకేజీలో ‘డీఏ (డొమైన్ అథారిటీ) పెంచుతాం’ అంటే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అది మోజ్ అనే సంస్థ లెక్క, గూగుల్‌కు దాంతో ఏం పని? ‘ఐదువందల సెర్చ్ ఇంజన్లకు సబ్మిట్ చేస్తాం’ అన్నది మరీ వింత. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) మారిందని కబురు పెట్టే పింగ్ సదుపాయాన్ని గూగుల్ 2023లో తీసేస్తున్నట్టు ప్రకటించింది. సైట్లు నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ చిరునామా ఒకసారి ఇస్తే పని అయిపోతుంది, పైసా ఖర్చు లేదు.

పాత గుమ్మం మూసుకుపోవడం రెండు మూడేళ్లలో జరిగింది. రాసేవాళ్లు ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. బ్లాగుల ఫీడులను ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. సంకలినుల వైపు వచ్చేవాళ్లు పలచబడ్డారు. ఇంకో నష్టం చాప కింద నీరులా వచ్చింది. 2012 నుంచి బ్లాగర్ బ్లాగుల బ్లాగ్‌స్పాట్ చిరునామాలను భారత్‌లో ‘డాట్ ఇన్’కు మళ్లించారు. మనవాళ్లు బ్రౌజరులో కనిపించిన ఆ చిరునామానే కాపీ చేసి పాత టపాల్లో, తోటి బ్లాగుల్లో, వికీపీడియాలో అతికించారు. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేయి జారింది. అలా అతికించిన లంకెలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. ఎవరైనా మన టపాకు ఇచ్చిన లంకె గూగుల్ దృష్టిలో ఒక సిఫారసు లాంటిది. ఏళ్ల తరబడి పోగైన సిఫారసులు అలా గాలికి పోయాయి. సొంత బ్లాగులోనైనా ‘డాట్ ఇన్’ అని వెతికి ‘డాట్ కామ్’గా మార్చుకోవడం ఇప్పటికీ మించిపోలేదు. సొంత డొమైన్ కొన్నవాళ్లకు ఈ బెడద లేదు, కాకపోతే ఏటా రుసుం కట్టడం మరిచిపోకూడదు.

2018లో గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్ తెలుగుకు వచ్చింది, హిందీకి వచ్చిన నాలుగేళ్లకు. రాబడి కనబడగానే సినిమా కబుర్లూ ఉద్యోగ ప్రకటనలూ తిరగరాసే సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇలాంటి సరుకును వెనక్కి నెట్టడానికి గూగుల్ 2022 ఆగస్టులో ఇంగ్లిష్‌తో మొదలుపెట్టిన మార్పును ఆ డిసెంబరులో మిగతా భాషలకూ తెచ్చింది. 2024 మార్చిలో దాన్ని ప్రధాన వ్యవస్థలోనే కలిపేసింది. ఆ వడపోతలో పాత నిజాయితీ బ్లాగులు కొన్ని కూడా నలిగాయి. నాలుగు వాక్యాల టపాలు వందలుంటే సెర్చ్ కన్సోల్‌లో ‘క్రాల్ చేశాం, ఇండెక్స్ చేయలేదు’ (అంటే చూశాం గానీ ఫలితాల్లో చేర్చలేదు) అన్న వరుసలోకి పోతాయి.

ఇలాంటి వరుసలు చూసి కంగారుపడేవాళ్లకు ఒక మాట. బ్లాగర్‌లో టపాలను విషయాలవారీగా చూపే లేబుల్ పేజీలను మొదటినుంచే రోబోలకు మూసి ఉంచుతారు. కాబట్టి ‘రోబోట్స్ ఫైలు అడ్డుకుంది’ అన్న వరుసలో లేబుళ్లుంటే అది లోపం కాదు. టపాకు ఇరవై లేబుళ్లు తగిలించినా గూగుల్ దగ్గర ఒరిగేదీ లేదు. వేగం సంగతి మాత్రం పట్టించుకోవాలి. తెలుగు ఫాంట్లలో ఒత్తుల రూపాలు చాలా ఉంటాయి కాబట్టి ఫైళ్లు బరువు. ముచ్చటపడి మూడు వెబ్‌ఫాంట్లు పెడితే ఫోనులో ముఖ్యభాగం కనబడటానికి గూగుల్ మంచిదనే 2.5 సెకన్ల హద్దు దాటుతుంది. ఒక ఫాంటు చాలు. ఫోనులో ఉన్న ఫాంటే వాడితే మరీ మంచిది.

ఆరువందల టపాల పాత బ్లాగును ఒక్కసారిగా బాగుచేయబోతే మధ్యలో విసుగొస్తుంది. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క చూపుతుంది. అందులో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న టపాలను ముందు తీసుకోవాలి. అవి గుమ్మం దాకా వచ్చి ఆగినవి. ఒక్కోదానికి ఏ మాటలు కొట్టినప్పుడు కనబడుతోందో చూసి, అందులో ఎక్కువసార్లు వచ్చిన మాటను శీర్షిక మొదట్లోకి తేవాలి. సమాధానాన్ని తొలి పేరాలో పెట్టాలి. సొంత బ్లాగులోనే అదే విషయం మీదున్న రెండు మూడు టపాల నుంచి దానికి లంకెలివ్వాలి. ‘ఇక్కడ నొక్కండి’ అని కాక ‘నుమాయిష్ గేట్లు, వేళలు’ అని. శోధన వివరణ (ఫలితాల్లో శీర్షిక కింద కనబడే సారాంశం) ఖాళీగా ఉంటే నింపాలి, బ్లాగర్‌లో దానికి ముందుగా సెట్టింగుల్లో అనుమతి ఇవ్వాలి. ఫలితం ఒక వారంలో తేలదు, ఆరేడు వారాలు ఆగి లెక్క మళ్లీ చూసుకోవాలి.

‘బ్లాగ్-పోస్ట్_17’ అన్న చిరునామా నచ్చలేదని, ఇప్పటికే పాఠకులు వస్తున్న టపాను డ్రాఫ్టులోకి తీసి పేరు మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు. తప్పక మార్చాల్సొస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి బ్లాగర్ సెట్టింగుల్లోని కస్టమ్ రీడైరెక్ట్ పెట్టి, ‘శాశ్వతం’ అన్నది ఎంచుకున్నాకే పక్కకు జరగాలి.