బేస్‌బాల్ ఆట ఎంతసేపు పడుతుంది? అపోహలు - వాస్తవాలు

డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉండే మనవాళ్లు పిల్లలతో తొలిసారి బేస్‌బాల్ ఆటకు బయల్దేరేటప్పుడు అడిగే మొదటి మాట, "ఎన్నింటికి ఇంటికొచ్చేస్తాం?" అని. దానికి ఆఫీసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో దొరికే జవాబులు చాలావరకు పాతబడిపోయాయి. ఆట 2023లో మారిపోయింది, జవాబులు ఇంకా 2021 దగ్గరే ఆగిపోయాయి.

ముందుగా ఒక మాట. క్రికెట్‌లో పిచ్ అంటే నేల. ఇక్కడ పిచ్ అంటే పిచ్చర్ విసిరే బంతి. ఆట ఎంతసేపు సాగుతుందో తేల్చేది ప్రధానంగా రెండే లెక్కలు. మొత్తం ఎన్ని పిచ్‌లు పడ్డాయి, ఒక పిచ్‌కీ ఇంకో పిచ్‌కీ మధ్య ఎంత సమయం గడిచింది. మిగతావన్నీ వీటి తర్వాతే.

అపోహ: బేస్‌బాల్‌కి వెళ్తే నాలుగు గంటలు పోయినట్టే.

వాస్తవం: అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి, ముగ్గురు ఔటైతే వంతు ముగుస్తుంది) సగటు 2021లో 3 గంటల 10 నిమిషాలకు చేరింది. అంతకు ముందూ తర్వాతా అంత సగటు లేదు. 2022లో 3 గంటల 4 నిమిషాలు. 2023లో ఒక్కసారిగా 2 గంటల 40 నిమిషాలకు దిగింది, 2024లో 2:36, 2025లో 2:38. మూడున్నర గంటలు, ఆపైన సాగిన తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలు 2021లో 391 ఉంటే, 2023లో తొమ్మిదంటే తొమ్మిదే. రాత్రి ఏడున్నరకు మొదలైన ఐపీఎల్ మ్యాచ్ పదకొండు దాటాక ముగియడం మనకు అలవాటే కదా, దానికంటే ఇది ఇంచుమించు గంట ముందే అయిపోతుంది.

నాలుగు గంటల ఆటలు అసలే లేవని కాదు. 2006 ఆగస్టు 18న యాంకీస్, రెడ్‌సాక్స్ జట్ల ఆట ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ లేకుండానే 4 గంటల 45 నిమిషాలు సాగింది. స్కోరు 14-11. ఆ కాలం గురించి విన్న మాటలే ఇప్పటికీ తిరుగుతున్నాయి.

అపోహ: బేస్‌బాల్‌కి గడియారంతో పనిలేదు.

వాస్తవం: చాలామంది అభిమానులు గర్వంగా చెప్పుకున్న మాట ఇది, కానీ రూల్ పుస్తకం ఎప్పుడూ ఆ మాట అనలేదు. బేస్‌ల మీద (పరుగు తీసే రన్నర్లు ఆగే చోట్లు) ఎవరూ లేనప్పుడు 12 సెకన్లలో పిచ్ వేయాలని పుస్తకంలో ఏళ్ల తరబడి ఉంది. మైదానంలో గడియారం లేదు, అంపైర్లు పట్టించుకోలేదు, అందుకే ఆ రూల్ ఉన్నా లేనట్టే అయింది. 2015 నుంచి పైస్థాయి మైనర్ లీగ్‌లలో 20 సెకన్ల గడియారం పెట్టి చూశారు. 2022లో మైనర్ లీగ్‌లన్నింటా గట్టిగా అమలు చేసేసరికి ఆట సుమారు 25 నిమిషాలు తగ్గింది. అది చూశాకే 2023లో మేజర్ లీగ్‌కి తెచ్చారు.

ఇప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. బంతి పిచ్చర్ చేతికి వచ్చి, అందరూ తమ తమ చోట్ల సిద్ధమవగానే అంకెలు కిందికి దిగడం మొదలవుతుంది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు. రన్నర్ ఉంటే 18 (2023లో 20 ఉండేది, 2024లో రెండు కోశారు). 9 మిగిలేసరికి క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగాడు) తన చోట ఉండాలి. 8 మిగిలేసరికి బ్యాటర్ బాక్సులో నిలబడి పిచ్చర్ వైపు చూస్తూ సిద్ధంగా ఉండాలి. సున్నా పడకముందే పిచ్చర్ విసిరే కదలిక మొదలుపెట్టాలి. పిచ్చర్ ఆలస్యం చేస్తే బ్యాటర్‌కి ఒక బాల్ ఇస్తారు (నాలుగు బాల్‌లైతే ఊరికే మొదటి బేస్), బ్యాటర్ ఆలస్యం చేస్తే అతని మీద ఒక స్ట్రైక్ పడుతుంది (మూడైతే ఔట్). ఒక బ్యాటర్ బయటికి, ఇంకొకరు లోపలికి రావడానికి 30 సెకన్లు.

తప్పించుకునే దారులు కూడా మూసేశారు. గడియారాన్ని మళ్లీ మొదలుపెట్టించడానికి పిచ్చర్ ఊరికే బేస్ వైపు బంతి విసరడం, మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) మీది రబ్బరు పలక నుంచి కాలు తీయడం పాత అలవాటు. ఇప్పుడు ఒక బ్యాటర్‌కి రెండుసార్లే. మూడోసారి విసిరితే రన్నర్ ఔట్ అయి తీరాలి, కాకపోతే బాక్ (పిచ్చర్ తప్పు), రన్నర్లందరికీ ఒక బేస్ ముందుకు. బ్యాటర్‌కి టైమ్ అడిగే అవకాశం ఒక్కసారే. చేతి గ్లవ్ పట్టీ విప్పి, బిగించి, బూటుకంటిన మట్టి దులుపుకుని, మళ్లీ పట్టీ విప్పే ఆ తంతుకు ఇప్పుడు చోటు లేదు.

కొత్తలో ఏం తప్పు జరుగుతుందో 2023 ఫిబ్రవరి 25నే తెలిసిపోయింది. బ్రేవ్స్, రెడ్‌సాక్స్ జట్ల ప్రాక్టీస్ సీజన్ ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 6-6, ఇద్దరు ఔట్, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, బ్యాటర్ మీద మూడు బాల్‌లు రెండు స్ట్రైక్‌లు. అంపైర్ చెయ్యెత్తాడు. నాలుగో బాల్ వచ్చింది, మూడో బేస్ రన్నర్ పరుగుతో గెలిచేశాం అనుకుని బ్యాటర్ మొదటి బేస్ వైపు నడక అందుకున్నాడు. నిజానికి తాను 8 సెకన్లకు సిద్ధంగా లేనందుకు పడిన మూడో స్ట్రైక్ అది. ఆట అక్కడే టై. అలాంటివి రోజూ జరుగుతాయని భయపడ్డారు గానీ, ఆ సీజన్ మొత్తంలో గడియారం తప్పులు సగటున రెండు ఆటలకు ఒకటి కూడా లేవు. ఆటగాళ్లు చాలా త్వరగా అలవాటుపడ్డారు.

అపోహ: కొన్ని సెకన్లు మిగిల్చినంత మాత్రాన ఏం ఒరుగుతుంది?

వాస్తవం: ఇది మాత్రం కాగితం మీద లెక్క వేసి చూడాల్సిందే. రెండు జట్లూ కలిపి ఒక ఆటలో సుమారు 300 పిచ్‌లు పడతాయి. ఒక్కో పిచ్‌కి ఆరు సెకన్లు తగ్గితే 1,800 సెకన్లు, అంటే అరగంట. 2021కీ 2023కీ మధ్య తేడా సరిగ్గా అరగంటే.

దీనికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఒకే మైదానంలో ఏడేళ్ల తేడాతో దొరికింది. 2018 అక్టోబర్ 26న లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్ సిరీస్) మూడో ఆట, డాడ్జర్స్, రెడ్‌సాక్స్ జట్ల మధ్య. 18 ఇన్నింగ్స్, 561 పిచ్‌లు, 7 గంటల 20 నిమిషాలు. మళ్లీ 2025 అక్టోబర్ 27న అదే స్టేడియం, వరల్డ్ సిరీస్‌లో అదే మూడో ఆట, ఈసారి డాడ్జర్స్‌కి ఎదురు టొరంటో బ్లూజేస్. అవే 18 ఇన్నింగ్స్. స్కోరు 2018లో 3-2 అయితే, ఇక్కడ 6-5. పిచ్‌లు 609, అంటే 48 ఎక్కువ. అయినా 6 గంటల 39 నిమిషాల్లో ముగిసింది. భాగించి చూస్తే 2018లో పిచ్‌కి 47 సెకన్లు, 2025లో 39 సెకన్లు. పరుగులు పెరిగాయి, పిచ్‌లు పెరిగాయి, సమయం మాత్రం 41 నిమిషాలు తగ్గింది.

అపోహ: పరుగులు ఎక్కువ పడితేనే ఆట సాగుతుంది, 1-0 ఆట చకచకా అయిపోతుంది.

వాస్తవం: సగమే నిజం. మొదటి పిచ్‌నే కొట్టి ఔటయిన బ్యాటర్ ఖర్చు పెట్టేది ఒక్క పిచ్. స్ట్రైకౌట్ అవడానికి కనీసం మూడు కావాలి. రెండు స్ట్రైక్‌ల తర్వాత మైదానం గీత బయటికి ఎన్నిసార్లు కొట్టినా స్ట్రైక్ లెక్కలోకి రాదు, బ్యాటర్ నిలబడే ఉంటాడు. 2018 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు బ్రాండన్ బెల్ట్ ఇలాగే ఒక్క బ్యాటింగ్‌లో 21 పిచ్‌లు ఆడాడు. పన్నెండు నిమిషాలకు పైనే గడిచింది. చివరికి క్యాచ్ ఇచ్చి ఔట్. పరుగు లేదు, బేస్ కూడా లేదు. స్కోరుబోర్డు మీద మాత్రం ఒక ఔట్ తప్ప ఏమీ కనిపించదు. అందుకే స్కోరుకంటే స్ట్రైకౌట్‌లు, వాక్‌లు (నాలుగు బాల్‌లతో బేస్ దక్కడం) చూడండి, ఆట ఎందుకు సాగిందో అక్కడ తెలుస్తుంది.

ఒకప్పటి ఆటలు అంత వేగంగా ఉండటానికీ ఇదే ప్రధాన కారణం. 1919 సెప్టెంబర్ 28న న్యూయార్క్ జెయింట్స్, ఫిలాడెల్ఫియా ఫిలీస్ తొమ్మిది ఇన్నింగ్స్ ఆటను 51 నిమిషాల్లో ముగించారు. స్కోరు 6-1, మొత్తం ఏడు పరుగులు! మరుసటి ఏడాది మే 1న బ్రూక్లిన్, బోస్టన్ జట్లు 26 ఇన్నింగ్స్ ఆడి 1-1 దగ్గర చీకటి పడి ఆపేశాయి. పట్టిన సమయం 3 గంటల 50 నిమిషాలే. లియాన్ కడోర్, జో ఓష్గర్ అనే ఇద్దరు పిచ్చర్లు మొదటి నుంచి చివరి దాకా తామే విసిరారు, పిచ్చర్ మార్పిడి అన్నదే జరగలేదు.

అపోహ: అంతా టీవీ ప్రకటనల పుణ్యమే.

వాస్తవం: 18 అర ఇన్నింగ్స్ మధ్య 17 విరామాలు, ఒక్కోటీ రెండు నిమిషాలకు తక్కువ కాదు. అంటే అరగంటకు పైగా విరామానికే పోతుంది, అది కాదనలేం. కానీ 2023లో ఈ విరామాలేమీ తగ్గలేదు, అయినా ఆట 24 నిమిషాలు తగ్గింది. ప్రకటనల ప్రభావం బాగా కనిపించేది అక్టోబర్ పోస్ట్‌సీజన్‌లో (నాకౌట్ దశ). అప్పుడు విరామాలూ పెద్దవే, పిచ్చర్లను మార్చడమూ ఎక్కువే, అందుకే ఆటలు మామూలు సీజన్‌కంటే పొడుగు.

ఇన్నింగ్స్ మధ్యలో పిచ్చర్‌ని మారిస్తే 2 నిమిషాల 15 సెకన్ల గడియారం నడుస్తుంది. ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్‌లు ఈడ్చినట్టు అనిపించేది అందుకే. 2020 నుంచి లోపలికి వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. గాయమైతే తప్ప మినహాయింపు లేదు. కోచ్, క్యాచర్ మౌండ్ దగ్గరికి వెళ్లి మాట్లాడటం 2018లో ఆరుసార్లకు కట్టడి చేశారు, 2024 నుంచి నాలుగే. మన దగ్గర టీ20లో ఓవర్ల మధ్య పెట్టిన 60 సెకన్ల గడియారానిదీ ఇదే దారి.

రివ్యూల మీద విసుగు సహజమే కానీ, చాలా ఆటల్లో అవి ఒకటో రెండో, ఒక్కోటీ ఒకటి రెండు నిమిషాలు. లెక్కలో చిన్న పద్దు.

అపోహ: టై అయితే తెల్లవారాల్సిందే.

వాస్తవం: 1981 ఏప్రిల్ 18న మైనర్ లీగ్ జట్లు పాటకెట్, రోచెస్టర్ నిజంగానే తెల్లవారుజాము దాకా ఆడాయి. 32 ఇన్నింగ్స్ అయ్యాక 4:07కి ఆపారు. అప్పటికి స్టేడియంలో మిగిలిన ప్రేక్షకులు 19 మంది. జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 33వ ఇన్నింగ్స్ 18 నిమిషాల్లో ముగిసింది. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. సమయం లెక్కన మేజర్ లీగ్‌లో పొడుగైన ఆట 1984 మేలో వైట్‌సాక్స్, బ్రూవర్స్ రెండు రోజులు ఆడిన 25 ఇన్నింగ్స్, 8 గంటల 6 నిమిషాలు.

ఇప్పుడు మామూలు సీజన్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి జట్టూ రెండో బేస్ మీద ఒక రన్నర్‌తోనే మొదలుపెడుతుంది. ఒక్క మంచి దెబ్బకు పరుగు వచ్చేస్తుంది, చాలా ఆటలు ఒకటి రెండు ఇన్నింగ్స్‌లో తేలిపోతాయి. 2020లో తాత్కాలికంగా తెచ్చి 2023లో స్థిరం చేశారు. పోస్ట్‌సీజన్‌లో ఈ సదుపాయం లేదు, అందుకే పైన చెప్పిన 18 ఇన్నింగ్స్ ఆటలు రెండూ అక్టోబర్‌వే. జపాన్ లీగ్‌లో 12 ఇన్నింగ్స్‌కి టై ప్రకటిస్తారు. కొరియాలో 2025 నుంచి 11 ఇన్నింగ్స్, పిచ్ గడియారం 2025లో బేస్‌లు ఖాళీగా ఉంటే 20, రన్నర్ ఉంటే 25 సెకన్లు ఉండేది.

అపోహ: 7:05 ఆట అంటే 9:45కి కారు దగ్గర ఉంటాం.

వాస్తవం: అధికారిక సమయాన్ని మొదటి పిచ్ నుంచి లెక్కిస్తారు, వాన వల్ల ఆగిన సమయం అందులో కలపరు. మధ్యలో గంట వాన పడితే స్కోరు షీటులో 2:38 అనే ఉంటుంది, మీ గడియారంలో మాత్రం 3:38. పార్కింగ్‌లోంచి బయటపడే సమయం ఎలాగూ వేరే.

మర్నాడు బడి ఉన్న పిల్లలతో వెళ్తే ఆరో ఇన్నింగ్స్ పూర్తయ్యాక టైమ్ చూడండి. మొదటి పిచ్ నుంచి అప్పటికి గడిచిన సమయంలో సగం తీసుకుని, పిచ్చర్ల మార్పిడి కోసం పది నిమిషాలు కలపండి. ఉదాహరణకు గంటా నలభై నిమిషాలు గడిచి ఉంటే ఇంకో గంట. ఎనిమిదిన్నర ఇన్నింగ్స్ దగ్గర హోమ్ జట్టు ముందుంటే తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం ఆడరు, ఆ లెక్కలోంచి మరో పది నిమిషాలు తీసేయొచ్చు.