పైన తేట, అడుగున కారం

విజయవాడ బీసెంట్ రోడ్డు పరిసరాల్లో సాయంత్రం పూట ఏ నూడుల్స్ బండి దగ్గర నిలబడినా, మూతకు రంధ్రం పొడిచిన మూడు సీసాలు కనిపిస్తాయి: ఎర్రగా చిల్లీ సాస్, నల్లగా సోయా సాస్, నీళ్లలా వెనిగర్. బండి నడిపే మనిషి ఎర్ర సీసాను మాత్రం రెండు మూడుసార్లు గట్టిగా కుదిపి వంచుతాడు. మిగిలిన రెండింటినీ ఊరికే వంచేస్తాడు. ఈ తేడా అతనికి ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు కాని, అతను చేస్తున్నది సరైన పనే.

వెనిగర్ అంటే నీటిలో కరిగిన ఎసిటిక్ ఆమ్లం. కరిగిన పదార్థం అణువులుగా విడిపోయి, నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది కనుక, ఏడాది పాటు అలమరలో పెట్టినా అడుగుకు చేరదు. సోయా సాస్‌లోని ఉప్పు సంగతీ అంతే. చిల్లీ సాస్ అలాంటి ద్రావణం కాదు. అందులో మిరప తోలు, గుజ్జు, వెల్లుల్లి నలుసులుగా నలిగాయే తప్ప కరగలేదు. నీటికన్నా కాస్త బరువైన ఆ నలుసులు మెల్లగా కిందికి దిగుతాయి, పైన తేట నిలుస్తుంది. కుదపకుండా వంచితే మొదట వచ్చినవారికి పుల్లని తేట, ఆఖరున వచ్చినవారికి మడ్డి దక్కుతాయి.

నలుసు ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ 1851లో ఇచ్చాడు. నలుసుకూ ద్రవానికీ సాంద్రతలో ఉన్న తేడా పెరిగితే వేగం పెరుగుతుంది, ద్రవం చిక్కబడితే తగ్గుతుంది; అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ వేగం నలుసు వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి మారుతుంది. నీటికన్నా 5 శాతం ఎక్కువ సాంద్రత కలిగి, మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం ఉన్న గుండ్రని నలుసు, 10 సెంటీమీటర్ల నీటిని దాదాపు 6 నిమిషాల్లో దాటుతుంది. అదే నలుసును పదింతలు సన్నం చేస్తే, అంతే దూరానికి పది గంటలకు పైగా పడుతుంది. రోట్లో కచ్చాపచ్చాగా నూరినదానికీ, యంత్రంలో మెత్తగా ఆడించినదానికీ తేరుకోవడంలో కనిపించే తేడాకు ముఖ్య కారణం ఇదే.

ఇక రెండో ఉపాయం ద్రవాన్నే చిక్కబరచడం. చాలా సాస్ సీసాల వెనుక చిన్న అక్షరాల్లో ఐఎన్ఎస్ 415 అని ఉంటుంది. ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యల్లో అది జాంథన్ గమ్ అనే జిగురుది; క్యాబేజీకి నల్ల కుళ్లు తెగులు తెచ్చే బ్యాక్టీరియాను చక్కెర ద్రావణంలో పెంచి దాన్ని తీస్తారు. దాని పొడవాటి అణువులు సీసా కదలకుండా ఉన్నప్పుడు ఒకదానితో ఒకటి పెనవేసుకుని నలుసులను ఆపుతాయి. కుదిపితే ఆ పెనవేత సడలి సాస్ జారుతుంది. ఖర్చు కలిసొస్తుందని ఎవరైనా ఆ సాస్‌లో నీళ్లు కలిపితే పలచబడేది కారం ఒక్కటే కాదు, ఈ పట్టు కూడా సడలుతుంది. నీళ్లు కలిసిన సీసాను మరీ ఎక్కువగా కుదపాల్సి రావడం అందుకే.

టమాటా కెచప్ సమస్య దీనికి భిన్నమైనది. అక్కడ నలుసులు దిగిపోవడం కన్నా, ఉన్నచోటే బిగుసుకోవడం ఎక్కువ. టమాటా పీచూ, అందులోని పెక్టిన్ అనే జిగురు పదార్థమూ కలిసి సన్నని వలలా అల్లుకుంటాయి. కొంత బలం పడేవరకు ఆ వల చెక్కుచెదరదు, కెచప్ ముద్దలా నిలిచే ఉంటుంది. ఆ హద్దు దాటగానే అల్లిక తెగి, ఒక్కసారిగా పలచబడి, చెంచాడు కావలసిన చోట గరిటెడు పడుతుంది. పైగా ఇరుకైన మెడలో ముద్ద అడ్డుపడితే లోపలికి గాలి పోదు, గాలి పోనిదే కెచప్ బయటికి రాదు. కాబట్టి మూత బిగించి, ముందుగానే కుదిపి, ఆ తరువాత వంచడం మేలు. చాలాకాలం కదలని సీసాలో వల కొద్దిగా ముడుచుకుని నీటిని వదులుతుంది. మొదట కారే ఆ పలచని నీరు పాడైపోయిన గుర్తేమీ కాదు, కుదిపితే తిరిగి కలుస్తుంది.

నూనె, నీరు కలిసినవాటి కథ వేరు. నూనెను, వెనిగర్‌ను ఒకే సీసాలో పోసి కుదిపితే నూనె చిన్న చిన్న బొట్లుగా చెదురుతుంది. సెంటీమీటరు వ్యాసమున్న ఒక్క బొట్టు మిల్లీమీటరులో నూరో వంతు బొట్లుగా విడిపోతే వాటి సంఖ్య నూరు కోట్లు, మొత్తం ఉపరితలం వెయ్యింతలు. అంత ఉపరితలాన్ని నిలుపుకోవడం ద్రవాలకు భారం కనుక, బొట్లు మళ్లీ కలిసిపోయి నూనె పైకి తేలుతుంది. మయొనీస్‌లో కోడిగుడ్డు పచ్చసొనలోని లెసిథిన్, ప్రోటీన్లు ప్రతి బొట్టు చుట్టూ పొరలా నిలబడి వాటిని కలవనివ్వవు. అందుకే దాన్ని ఎవరూ కుదపరు.

అయితే విడిపోవడం ప్రతిసారీ లోపం కాదు. గుంటూరు ఇళ్లలో ఆవకాయ కలిపాక మూడో రోజున జాడీ మూత తీసి తిరగకలుపుతారు. అప్పటికి ముక్కల నుంచి ఉప్పుతో ఊట దిగి ఉంటుంది. నువ్వుల నూనె సాంద్రత నీటిలో 0.92 వంతే కనుక అది పైకి తేలుతుంది. ముక్కలను గరిటెతో అదిమి, తేలిన నూనె కింద మునిగేలా సర్దుతారు. ఆ పొర గాలిని అడ్డుకుని బూజు పట్టకుండా కాపాడుతుంది. జాడీని కుదిపితే ఆ పొర చెదిరిపోతుంది. కాని వడ్డించేటప్పుడు గరిటె అడుగుదాకా వెళ్లాలి. మిరపకు మంటనిచ్చే కాప్సైసిన్, దాని ఎర్రరంగు నూనెలో కరుగుతాయి. ఉప్పు నూనెలో కరగదు. పైనున్న నూనె మాత్రమే అన్నంలో పోసుకున్నవారికి రంగూ మంటా వస్తాయి. ఉప్పూ పులుపూ అడుగున ఊటలోనే ఉండిపోతాయి.