ఆల్‌మన్ బ్రదర్స్ రికార్డులు: ఒకే ఆల్బమ్‌కు ఇన్ని ప్రెస్సింగులు ఎలా వచ్చాయి?

ఆల్‌మన్ బ్రదర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1971 జులైలో విడుదల చేసిన 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' ఆల్బమ్‌ను ఎల్పీ రికార్డుగా కొనాలని బయలుదేరినవారు మొదటి రోజే తికమకపడతారు. ఇటుక గోడ ముందు వాద్యపెట్టెల మీద కూర్చున్న ఆరుగురి నలుపు తెలుపు ఫొటో అన్ని అట్టల మీదా ఒకటే. లోపలి రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ మాత్రం ఒకదానిలో గులాబీ రంగులో ఉంటుంది, మరొకదానిలో గోధుమ రంగులో ఉంటుంది, ఇంకొకదానిలో పాలిడోర్ కంపెనీ పేరుతో ఉంటుంది. నాలుగు స్పీకర్ల కోసం ప్రత్యేకంగా తయారైన క్వాడ్రఫోనిక్ ప్రతి కూడా ఉంది. వీటన్నిటికీ తోడు 180 గ్రాముల బరువైన కొత్త రికార్డులు వచ్చాయి. ఇలా ఒక్కో విడతగా అచ్చువేసిన ప్రతులను ఒక ప్రెస్సింగు అంటారు. ధరల్లో తేడా చాలా ఎక్కువ. ఈ తేడాలన్నీ సేకర్తల చాదస్తం నుంచి పుట్టినవని కొట్టిపారేసేవారు ఉన్నారు గాని, ఒక్కో తేడా వెనుక ఒక్కో వ్యాపార ఒప్పందం, ఒక్కో కర్మాగారం, కొన్నిచోట్ల ఒక మరణం కూడా ఉన్నాయి. ఆ వరుస తెలియకుండా ఈ బ్యాండ్ రికార్డులను సేకరించడం కష్టం.

కథ జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే చిన్న నగరంలో మొదలవుతుంది. అక్కడి ఫిల్ వాల్డెన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్‌కు మేనేజరుగా పేరు తెచ్చుకున్నాడు. 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో రెడింగ్ మరణించాక వాల్డెన్ కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ పెద్దల్లో ఒకరైన జెర్రీ వెక్స్‌లర్ అండతో, ఫ్రాంక్ ఫెంటర్ భాగస్వామ్యంతో 1969లో క్యాప్రికార్న్ రికార్డ్స్ ఏర్పడింది. క్యాప్రికార్న్ అంటే మకర రాశి. పాశ్చాత్య లెక్క ప్రకారం వాల్డెన్, వెక్స్‌లర్ ఇద్దరిదీ అదే రాశి కావడంతో ఆ పేరు పెట్టారు. వాల్డెన్ నమ్మకమంతా డ్యుయేన్ ఆల్‌మన్ అనే యువ గిటారిస్టు మీద ఉండేది. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో డ్యుయేన్, అతని తమ్ముడు గ్రెగ్, డికీ బెట్స్, బెర్రీ ఓక్లీ, బుచ్ ట్రక్స్, జైమో కలిసి బ్యాండుగా ఏర్పడి, కొద్ది వారాల్లోనే మేకన్‌కు మకాం మార్చారు. జాత్యహంకారపు గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న ఆ రోజుల్లో నల్లజాతి డ్రమ్మరు జైమో, తెల్లజాతి సంగీతకారులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకే వేదిక మీద వాయించారు. బ్లూస్, జాజ్, కంట్రీ ధోరణులు వాళ్ల వాద్యంలో అంత సహజంగా కలిసిపోవడానికి ఈ సహజీవనమే పునాది అని నా అభిప్రాయం.

తొలినాళ్లలో క్యాప్రికార్న్‌కు సొంతంగా రికార్డులు అచ్చువేసి దేశమంతా పంపే శక్తి లేదు. అందుకే 1969 నవంబరులో వచ్చిన తొలి ఆల్బమ్, 1970 సెప్టెంబరులో వచ్చిన 'ఐడిల్‌వైల్డ్ సౌత్' రెండూ అట్లాంటిక్‌కు చెందిన అట్కో అనే బ్రాండు పేరుతో విడుదలయ్యాయి. తొలి ఆల్బమ్ అంతంతమాత్రంగానే అమ్ముడుపోయింది. మంచి స్థితిలో ఉన్న అట్కో ప్రతులు ఈనాడు అరుదుగా దొరకడానికి కారణం అదే. మొదట్లో కొన్నవారే తక్కువ, కొన్నవారిలో చాలామంది పార్టీల్లో అరగదీసినవారే. 1973లో బ్యాండ్ కీర్తి శిఖరాన ఉండగా ఈ రెండు ఆల్బమ్‌లనూ కలిపి 'బిగినింగ్స్' పేరుతో జంట రికార్డుగా మళ్లీ తెచ్చారు. అప్పుడు తొలి ఆల్బమ్ పాటలను నిర్మాత, సౌండ్ ఇంజినీరు టామ్ డౌడ్ కొత్తగా మిక్స్ చేశాడు, అంటే విడివిడిగా రికార్డయిన వాద్యాలను, గొంతులను కొత్త పాళ్లలో కలిపాడు. కాబట్టి ఏడ్రియన్ బార్బర్ నిర్మాణంలో 1969లో జనం విన్న ధ్వని, 'బిగినింగ్స్‌'లో వినిపించే ధ్వని ఒకటి కావు. పాటలు ఎలాగూ అవే గదా అని చవకగా దొరికే 'బిగినింగ్స్‌'తో సరిపెట్టుకున్నవారు మంచి రికార్డే కొన్నట్టు లెక్క. కాని తొలి మిక్స్ వినాలంటే అట్కో ప్రతినో, ఆ మిక్స్‌ను వాడినట్టు స్పష్టంగా చెప్పిన పునర్ముద్రణనో వెతుక్కోవాలి.

మూడో ఆల్బమ్ దగ్గర కాసేపు ఆగాలి. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ థియేటరులో జరిగిన కచేరీలను టామ్ డౌడ్ టేపులోకి ఎక్కించాడు. ఈ బ్యాండ్ ఒక్క పాటను ఇరవై నిమిషాలు దాటించి, మన సంగీత విద్వాంసులు రాగాన్ని విస్తరించినట్టు, విస్తరించేది. రికార్డు అందుకు అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఎల్పీలో ఒక వైపు ఎంత ఎక్కువ సేపు పట్టించాలంటే గాడులను అంత దగ్గరగా కోయాలి. దగ్గరగా కోస్తే శబ్దతీవ్రత తగ్గించాలి, మంద్ర స్వరాలను అదుపులో పెట్టాలి. పైగా ముల్లు లేబుల్‌కు చేరువయ్యే కొద్దీ చుట్టు చిన్నదై, ఒక్కో క్షణపు ధ్వనికి దొరికే గాడి పొడవు తగ్గిపోతుంది కాబట్టి స్పష్టత సన్నగిల్లుతుంది. 23 నిమిషాల 'విప్పింగ్ పోస్ట్' నాలుగో వైపు మొత్తాన్ని ఆక్రమించింది, రెండో వైపంతా 'యూ డోంట్ లవ్ మీ' ఒక్కటే ఉంది. ఒక పాట పతాక స్థాయికి చేరే ఘట్టం సరిగ్గా లోపలి ఇరుకు గాడుల్లో పడుతుందన్నమాట. ఆ ఘట్టం చీలకుండా, గీరకుండా వినిపిస్తుందా అన్నదే మంచి ప్రతికి అసలు పరీక్ష. పాత రికార్డు కొనేవారు మొదటి పాట విని ముగించకుండా నాలుగో వైపు చివరి ఐదు నిమిషాలు వినిపించమని దుకాణదారును అడగాలి. అరిగిన ముల్లుతో వాయించి పాడుచేసిన రికార్డు అక్కడ దొరికిపోతుంది.

ఆ ఆల్బమ్ 1971 అక్టోబరులో భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. అదే నెల 29న డ్యుయేన్ మేకన్‌లో మోటారు సైకిల్ ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 24. మిగిలినవారు ఆగకుండా పూర్తిచేసిన 'ఈట్ ఎ పీచ్' 1972 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి వైపున డ్యుయేన్ లేకుండా వాయించిన పాటలున్నాయి, మూడో వైపున అతను స్టూడియోలో చివరిగా మిగిల్చివెళ్లిన పాటలున్నాయి. ముప్పై నిమిషాలు దాటిన 'మౌంటెన్ జామ్' మాత్రం ఒకే వైపున పట్టలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి రెండో వైపున, నాలుగో వైపున పెట్టారు. మూడో వైపును మధ్యలో వదిలి ఇలా ఎందుకు పెట్టారని సీడీ తరం వారికి అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో రికార్డ్ చేంజర్లు ఉండేవి. రికార్డులను ఒకదానిపై ఒకటి పేరిస్తే, మొదటిది అయిపోగానే రెండోది దానంతట అదే కిందికి జారేది. రెండో వైపు, నాలుగో వైపు పైకి ఉండేలా పేరిస్తే 'మౌంటెన్ జామ్' దాదాపు ఏకధాటిగా వినిపిస్తుంది. పాత 'ఈట్ ఎ పీచ్' ప్రతుల్లో రెండో వైపున, మూడో వైపున గీతలు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఒకదాని మీద ఒకటి పడి రాసుకున్నవి అవే.

సరిగ్గా ఆ ఏడాదే క్యాప్రికార్న్ పంపిణీ అట్లాంటిక్ చేతి నుంచి వార్నర్ బ్రదర్స్‌కు మారింది. క్యాటలాగ్ నంబర్లలోనే ఆ మార్పు కనబడుతుంది. 'ఫిల్‌మోర్ ఈస్ట్' మొదటి ప్రతుల మీద అట్లాంటిక్ వరుసకు చెందిన ఎస్‌డి 2-802 ఉంటే, 'ఈట్ ఎ పీచ్' మీద 2సీపీ 0102 ఉంటుంది. తర్వాత వార్నర్ 'ఫిల్‌మోర్ ఈస్ట్‌'ను కూడా తన వరుసలో కొత్త నంబరుతో వేసింది. అందువల్ల గులాబీ లేబుల్‌తో, ఎస్‌డి నంబరుతో ఉన్న 'ఫిల్‌మోర్ ఈస్ట్' తొలి కాలానిదని, గోధుమ రంగు లేబుల్‌తో ఉన్నది తర్వాతిదని గుర్తుపట్టవచ్చు. అట్ట ఒక ప్రెస్సింగుది, రికార్డు మరొక ప్రెస్సింగుది అయిన జోడీలు కూడా సంతలో తిరుగుతుంటాయి. అట్ట వెన్ను మీది నంబరును, లేబుల్ మీది నంబరును సరిపోల్చకుండా డబ్బు ఇవ్వకూడదు.

1972 నవంబరులో బెర్రీ ఓక్లీ కూడా అదే నగరంలో, డ్యుయేన్ పడిపోయిన చోటికి కొద్ది వీధుల దూరంలో, మోటారు సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. ఓక్లీ రెండు పాటల్లో మాత్రమే వాయించగలిగిన 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' 1973 ఆగస్టులో వచ్చి ఐదు వారాలు అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో అగ్రస్థానంలో నిలిచింది. ఇంత గిరాకీని తట్టుకోవడానికి దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న కర్మాగారాల్లో ఒకేసారి అచ్చువేయవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం మొదలైంది. రికార్డుకు ముడిసరుకైన పీవీసీ పెట్రోలియం నుంచే వస్తుంది కాబట్టి కొరత ఏర్పడి, పరిశ్రమలో పలుచని రికార్డులు, తిరిగి కరిగించిన వినైల్ వాడకం పెరిగాయి. ఈ ఆల్బమ్ పాత ప్రతులు అమెరికాలో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, కాని ముల్లు పెట్టగానే నిశ్శబ్దంగా ఉండే ప్రతి దొరకాలంటే ఓపిక ఉండాలి. అరుదైనదే విలువైనదని అనుకునేవారికి ఈ రికార్డు మీద చిన్నచూపు ఉంటుంది. దీనిలో మంచి ప్రతిని ఏరుకోవడానికే ఎక్కువ నేర్పు కావాలని నేను అంటాను.

ఆ నేర్పు పాట ముగిశాక లేబుల్ దాకా మిగిలే నునుపైన ఖాళీ జాగాను చదవడంతో మొదలవుతుంది. దీపం కింద వంచి చూస్తే అక్కడ చేత్తో గీకిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. రికార్డులన్నిటికీ మూల అచ్చుగా పనికొచ్చే ల్యాకర్ పళ్లెం మీద గాడులు కోసిన ఇంజినీరు గుర్తు, ఎన్నోసారి కోసినది, ఏ కర్మాగారంలో అచ్చయినది అన్న వివరాలు అందులో ఇమిడి ఉంటాయి. అట్లాంటిక్ స్టూడియోలో జార్జ్ పైరోస్ కోసిన పళ్లేల మీద 'ఏటీ', 'జీపీ' అన్న అక్షరాలు ఉంటాయి. అదే మూల టేపు అయినా, కోసిన మనిషి మారితే బాస్ బరువు మారుతుంది, తాళాల మెరుపు మారుతుంది. లేబుల్ రంగు కంటే ఈ గీతలే నమ్మదగిన సాక్ష్యం.

1976లో బ్యాండ్ చీలిపోయింది. 1979లో తిరిగి కలిసి క్యాప్రికార్న్ మీద ఒక ఆల్బమ్ చేసింది, కాని ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. టేపులు పాలీగ్రామ్ సంస్థకు చేరాయి. 1980లలో ఆ సంస్థకే చెందిన పాలిడోర్ లేబుల్‌తో వచ్చిన ప్రతులు ఈ దశకు చెందినవి. 1998లో పాలీగ్రామ్ యూనివర్సల్‌లో కలిసిపోవడంతో హక్కులు కూడా అటే వెళ్లాయి. రెండోసారి విడిపోయి 1989లో మళ్లీ కలిసిన బ్యాండ్ 1990లలో చేసిన ఆల్బమ్‌లు సీడీలు రాజ్యమేలుతున్న కాలంలో వచ్చాయి. అందుకే వినైల్ రూపంలో ఈ బ్యాండ్ సంగ్రహాన్ని పూర్తిచేయాలనుకునేవారు చివరి దశాబ్దాల దగ్గర చిక్కుకుపోతారు.

రికార్డులు తిరిగి జనంలోకి వచ్చిన సంగతి తెలిసిందే. 2008 ఏప్రిల్‌లో రికార్డు దుకాణాల వేడుక అయిన మొదటి రికార్డ్ స్టోర్ డే జరిగింది. 2020లో అమెరికాలో వినైల్ ఆదాయం 1986 తర్వాత మొదటిసారి సీడీల ఆదాయాన్ని దాటింది. అదే 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోవడంతో, ప్రపంచంలో రెండే రెండు చోట్ల తయారయ్యే ల్యాకర్ పళ్లేలకు ఒక ఆధారం పోయింది. ఇక ఈ బ్యాండ్ ఆల్బమ్‌లు కొన్నింటిని కూడా ఖరీదైన ప్రతులుగా తెచ్చిన మొబైల్ ఫిడిలిటీ సంస్థ తన అనేక రికార్డుల తయారీలో మధ్యలో డిజిటల్ దశను వాడినట్టు 2022లో అంగీకరించింది. టేపు నుంచి నేరుగా, అంటే పూర్తిగా అనలాగ్ పద్ధతిలో, తయారయ్యాయనుకుని కొన్నవారు నొచ్చుకున్నారు. వారి బాధ న్యాయమైనదే. ఆ ప్రతులు బాగా వినిపిస్తే ఏమిటి నష్టం అన్న వాదన ఉంది గాని, ఏమి అమ్ముతున్నారో కొనేవాడికి చెప్పడం అమ్మేవాడి కనీస ధర్మం. ఈ పరిణామం తర్వాత పాత ప్రతుల మీద మోజు ఇంకా పెరిగిందని సేకర్తల మాటల్లో తరచూ వినిపిస్తుంది.

అట్లాంటా శివార్లలోని జాన్స్ క్రీక్, కమ్మింగ్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడి నుంచి మేకన్ దాదాపు రెండు గంటల కారు ప్రయాణం. బ్యాండ్ 1970ల తొలి సంవత్సరాల్లో నివసించిన 'బిగ్ హౌస్' ఈనాడు మ్యూజియం. క్యాప్రికార్న్ స్టూడియోను మెర్సర్ విశ్వవిద్యాలయం బాగుచేసి 2019 డిసెంబరులో తిరిగి తెరిచింది. రోజ్ హిల్ శ్మశానంలో డ్యుయేన్, ఓక్లీ పక్కపక్కనే ఉన్నారు. అమెరికా నుంచి విశాఖకో విజయవాడకో రికార్డులు తెచ్చుకునేవారు మాత్రం మన వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. తీరప్రాంతపు ఉక్కపోతకు అట్టల్లో బూజు పడుతుంది, ఎండ తగిలిన రికార్డు వంగిపోతుంది. నిలువుగా నిలబెట్టి, లోపలి పాత కాగితపు తొడుగు తీసేసి కొత్తది వేసి, గోడకు ఆనకుండా దాచుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు నన్ను అడిగితే, ముందు గోధుమ రంగు లేబుల్ ఉన్న 'ఈట్ ఎ పీచ్' ఒకటి, గీతలు లేనిది, కొనమంటాను. గులాబీ లేబుల్ 'ఫిల్‌మోర్ ఈస్ట్' కోసం తొందరపడనక్కరలేదు. చేతిలో ఉన్న రికార్డును నెలల తరబడి విని, మూడో వైపు చివరన ఉన్న 'లిటిల్ మార్తా'లో డ్యుయేన్, బెట్స్ వాయించే రెండు గిటార్లు దేనికది విడిగా వినబడేంత చెవి కుదిరాక, ఆ గులాబీ లేబుల్ కోసం డబ్బు కూడబెట్టుకోవచ్చు.