"పాకిందా?": క్యాన్సర్ కణం నడక వెనక ఉన్న కథ

రిపోర్టు పట్టుకుని డాక్టర్ గదిలోంచి బయటికొచ్చాక ఇంట్లోవాళ్లు ఒకరినొకరు అడిగే మాట ఒకటే, "పాకిందా?" అని. ఇప్పుడు "స్ప్రెడ్ అయిందా" అంటున్నారు కానీ నాకు పాత మాటే నచ్చుతుంది. ఎందుకంటే నిప్పు పాకుతుంది, తీగ పాకుతుంది, పసిపిల్లాడూ పాకుతాడు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కణం చేసేది ఆ మూడోదే. ముందుకు చెయ్యి చాపి, ఆనించి, ఒళ్లంతా ముందుకు లాక్కుని, వెనక అంటుకున్న చోటు వదిలించుకుని, మళ్లీ చెయ్యి చాపుతుంది. దానికి "పద" అని చెప్పేదెవరో తెలుసుకోవడానికి ముప్పై నలభై ఏళ్లు పట్టింది. ఇంత తెలిశాక కూడా ఆ నడకను ఆపే మందు ఎందుకు రాలేదు అన్నదే ఇప్పటి గొడవ.

ముందు ఒక లెక్క తేల్చేస్తాను. క్యాన్సర్ మరణాల్లో 90 శాతం పాకడం వల్లేనని ఎక్కడ చూసినా రాస్తారు, ఒకరిని చూసి ఒకరు. నార్వే క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కలతో 2019లో వచ్చిన పరిశీలనలో, గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్లకు ఇది సుమారు మూడింట రెండు వంతులని తేలింది. 90 కాకపోయినా చిన్న అంకె కాదు.

ఈ ప్రశ్న మొదట గట్టిగా వేసింది లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్. 1889లో ఆయన రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది పోస్టుమార్టం రికార్డులు తిరగేసి, జబ్బు లివర్‌లో కనిపించినంతగా ప్లీహంలో కనిపించడం లేదేమిటని అడిగాడు. రక్తం రెండిటికీ పోతుంది కదా. విత్తనం నాలుగు దిక్కులా పడినా పదునున్న నేలలోనే మొలుస్తుంది అన్నది ఆయన జవాబు. రైతుకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే విత్తనం మొక్కనుంచి ఎలా విడిపోయింది, రక్తనాళం దాకా ఎలా చేరింది అన్నది మాత్రం ఆయన రికార్డుల్లో దొరికేది కాదు. చచ్చిన కణం నడవదు కదా.

బతికున్న కణం నడకను ఓపిగ్గా చూసినవాడు మైకేల్ అబర్‌క్రాంబీ. 1950లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జోన్ హేస్‌మన్‌తో కలిసి కోడిపిండం గుండె ముక్కలు రెండింటిని గాజు మీద పక్కపక్కన పెట్టి, వాటిలోంచి బయటికి పాకే కణాల్ని ఫిల్ము తీశాడు. రెండు కణాలు ఎదురుపడి తాకగానే ఆ వైపు అంచు ముడుచుకుపోతుంది, నడక ఆగుతుంది, తర్వాత ఇంకో దారి చూసుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ మర్యాద లేదు, ఎదుటివాణ్ణి తాకినా ఆగకుండా చొచ్చుకుపోతాయి. ఇది చూశాక పాకడం అంటే గడ్డ పెరిగి పెరిగి పొంగిపోవడం కాదని, కణం ప్రవర్తనలోనే తేడా ఉందని అర్థమైంది. ఆ తేడా లోపల ఎక్కడుందో చూపించే పనిముట్లు మాత్రం అప్పటికి లేవు.

అవి జన్యువుల వైపు నుంచి వచ్చాయి. క్యాన్సర్‌లో చెడిపోయే రాస్ జన్యువుల మీద 1980ల మొదట్లో పెద్ద పోటీ నడుస్తోంది, లండన్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థలో అలన్ హాల్, క్రిస్ మార్షల్ 1983లో ఎన్-రాస్‌ను పట్టుకున్నారు. రాస్ ఒక స్విచ్ లాంటి ప్రోటీన్. జీటీపీ అనే అణువు పట్టుకుని ఉంటే ఆన్, అది జీడీపీగా మారితే ఆఫ్ (దేశాల జీడీపీ కాదులెండి). 1985లో అమెరికాలో పాస్కల్ మడోల్, రిచర్డ్ ఆక్సెల్ ఒక సముద్రపు నత్తజాతి జీవిలో రాస్‌కి చుట్టంలా కనిపించే ప్రోటీన్ చూసి దానికి రో అని పేరు పెట్టారు. మనిషిలోనూ ఉందని తేలింది. ఏం చేస్తుందో తెలీదు. రాస్‌కి చుట్టం కాబట్టి అదీ కణాన్ని విభజించమనే చెబుతుందేమో అనుకోవడం సహజం.

1992 ఆగస్టులో హాల్, అప్పుడు ఆయన ల్యాబులో పోస్ట్‌డాక్‌గా ఉన్న ఆన్ రిడ్లీ, ఒకే పత్రిక ఒకే సంచికలో వెనువెంట రెండు పేపర్లు వేశారు. ఆ ప్రయోగం ఎంత సూటిగా ఉందో చెప్పకుండా ముందుకెళ్లలేను. ఎలుక కణాల్ని గాజు పలక మీద పెంచి, తర్వాత వాటికి మేతగా పోసే సీరం (రక్తంలోని ద్రవభాగం) తీసేసి పస్తు పెట్టారు. పస్తున్న కణంలో బిగువు పోతుంది, లోపల కనిపించే ఆక్టిన్ పోగులు (మన కండల్లో ఉండే ఆక్టినే) దాదాపు మాయమవుతాయి. అప్పుడు మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా లాగిన గాజు సూదితో, ఒక్కో కణంలోకి రో ప్రోటీన్ ఎక్కించారు. కాసేపటికి ఆ కణాల్ని గట్టిపరిచి, ఒక విషపు పుట్టగొడుగు నుంచి వచ్చే ఫాలాయిడిన్‌కి రంగు తగిలించి అద్దితే, సూది పడిన కణంలో ఈ చివర నుంచి ఆ చివరకు మగ్గం మీద పడుగులా బిగిసిన పోగులు మెరుస్తున్నాయి, పక్కనే సూది పడని కణం ఖాళీ. అదే రాక్ అనే చుట్టాన్ని ఎక్కిస్తే పోగులు కాదు, కణం అంచు చీర కుచ్చిళ్లలా అలలు పోసుకుని బయటికి తోసుకొచ్చింది. పస్తు కణాలకు సీరంలో ఉండే ఎల్‌పీఏ అనే కొవ్వు అణువు ఇస్తే రో పని జరుగుతుంది, గాయమైనప్పుడు ప్లేట్‌లెట్లు వదిలే పీడీజీఎఫ్ అనే ప్రోటీన్ ఇస్తే రాక్ పని జరుగుతుంది. స్విచ్చిని ముందే పాడుచేస్తే బయటి కబురు ఎంత గట్టిగా వచ్చినా ఏమీ జరగదు.

అంటే బయటి కబురుకీ లోపలి కాళ్లకీ మధ్య ఉన్న తీగ దొరికినట్టే. 1995కల్లా మూడోది, సీడీసీ42, సన్నటి వేళ్లలాంటివి చాపిస్తుందని కూడా తేలింది. కల్లు గీసేవాళ్లు తాడిచెట్టెక్కడం చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది: మోకు పైకి జరపడం ఒక పని, దాని ఆసరాతో ఒంటిని పైకి లాక్కోవడం ఇంకో పని, ఒకదాని తర్వాత ఒకటి పడాలి. ముందు అంచు తోసేది రాక్ అయితే బిగించి లాగేది రో. వేగం ఏమంత కాదు, చాలా కణాలకు నిమిషానికి ఒక మైక్రాన్ అటూ ఇటూ, వెంట్రుక మందం దాటాలన్నా గంట పడుతుంది. 2011లో సరదాకి కణాలకు ప్రపంచ పరుగు పందెం పెడితే గెలిచిన కణం నిమిషానికి 5.2 మైక్రాన్లు పరిగెత్తింది. అది సింగపూర్ నుంచి వచ్చిన మూలకణం, క్యాన్సర్ కణం కానే కాదు.

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. నడక క్యాన్సర్ కనిపెట్టిన విద్య కాదు. పిండంలో అవయవాలు అమరడానికి, గాయం మానడానికి, తెల్ల రక్తకణం బ్యాక్టీరియాను వెంటాడటానికి ఉన్న పాత నడకే, అవే తీగలు. క్యాన్సర్ కణం వాటిని వేళకాని వేళ వాడుకుంటుంది. 2000లో రో-సి అనే రో చుట్టం ఎక్కువైన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలు ఎలుకల ఊపిరితిత్తులకు బాగా పాకుతున్నాయని తేలినప్పుడు, ఇక మందు దగ్గర్లోనే ఉందనుకున్నారు.

కానీ కణానికి ఒక్క నడక కాదు ఉన్నది. కణాల చుట్టూ ఉండే పీచు అల్లికను కరిగించే ఎంజైముల్ని ఆపితే చాలు, దారి మూసుకుపోతుందనుకుని 1990లలో పెద్ద పెద్ద ట్రయల్స్ నడిపారు. రోగులకు కీళ్లనొప్పులు వచ్చాయి, ఆయుష్షు మాత్రం పెరగలేదు. అవి విఫలం కావడానికి ఇంకా కారణాలున్నాయి, చాలామందికి అప్పటికే జబ్బు ముదిరిపోయింది. 2003లో జర్మనీలో పీటర్ ఫ్రీడ్ల్ బృందం, లండన్‌లో ఎరిక్ సహాయ్, మార్షల్ ఇంకో సంగతి చూపించారు. ఎంజైములు ఆపితే కొన్ని కణాలు అల్లికను కరిగించడం మానేసి, గుండ్రంగా మారి, ఉన్న సందుల్లోంచే ఒళ్లు నొక్కుకుని అమీబాలా జారిపోతున్నాయి. ఆ జారుడుకు కావలసిన బిగింపు రో నుంచి, దాని కింద పనిచేసే రాక్-కినేస్ అనే ఎంజైము నుంచి వస్తుంది (పేరు కలిసింది కానీ పైన చెప్పిన రాక్ వేరు). ఒక దారి మూస్తే రెండోది తెరుచుకుంటుంది, రెండూ మూయాలంటే ఒంట్లోని మంచి కణాల కాళ్లు కూడా కట్టేయాలి.

ఇంకో చిక్కు మందుల్ని కొలిచే పద్ధతిలోనే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో నడిపిన పని నుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో అక్కడి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల లుకేమియాను కొంతకాలమైనా వెనక్కి తగ్గించాడు. దాని తర్వాత మెథోట్రెక్సేట్, అలా ఆ వరసంతా విభజించే కణాన్ని కొట్టే మందులు. గడ్డ కుంచించుకుపోతే మందు పనిచేసినట్టు. నడక ఆపే మందు గడ్డను కుంచించదు, ఉన్నచోటే ఉంచుతుంది. స్కాన్‌లో చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, అలాంటి మందు మీద డబ్బు పెట్టేదెవరు?

దాంతో రాక్-కినేస్‌ను ఆపే మందులు వేరే జబ్బులకు పోయాయి. జపాన్‌లో 1995లో ఫాసుడిల్ మెదడులో రక్తస్రావం తర్వాత నాళాలు బిగుసుకుపోకుండా వాడటానికి వచ్చింది, అమెరికాలో 2017లో నెటార్సుడిల్ గ్లకోమాకి కంటి చుక్కలుగా, 2021లో బెలుమోసుడిల్ మూలుగ మార్పిడి తర్వాత వచ్చే ఒక చిక్కుకి అనుమతి తెచ్చుకున్నాయి. క్యాన్సర్‌కి మాత్రం ఒక్కటీ రాలేదు. హాల్, మార్షల్ ఇద్దరూ 2015లోనే, మూడు నెలల తేడాతో పోయారు.

కొలబద్ద మాత్రం కొంచెం కదిలింది. 2018 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి అపాలుటమైడ్ అనే మందును అనుమతిస్తూ, గడ్డ ఎంత తగ్గిందని కాకుండా, పాకకుండా ఎన్నాళ్లు ఉందన్నదాన్ని లెక్కలోకి తీసుకుంది, అలా చేయడం అదే మొదటిసారి. ఆ మందు కణం కాళ్లను కట్టేసేది కాదు, హార్మోను కబురును అడ్డుకునేది.